తల నుంచి మడమ దాకా

ఆదివారం ఏడున్నరకే ఎండ మండిపోతోంది.
పెద జాలరిపేట బడి ఆవరణలో
టార్పాలిన్ కింద నలభైమందిమి.
కేజీహెచ్ నుంచి మేం ఆరుగురు నర్సులం,
గాజువాక నుంచి కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు,
నూట ఎనిమిది బండి నడిపే పిరిడి ఎల్లాజీ,
అతని చేతిలో ఇంకా సగం తిన్న ఇడ్లీ పొట్లం.

"పెద్దాళ్ళకిచ్చేది సగం చేసి పిల్లలకివ్వడం
ముందు మానండి" అంది డాక్టర్ సుభాషిణి పాత్రో.
నమస్కారం కూడా చెప్పలేదు.
సంచిలోంచి ఒక టేపు తీసి విప్పింది.
దర్జీ టేపు లాంటిదే, అంగుళాల చోట రంగులు.
తల దగ్గర పట్టుకుని కిందికి లాగితే
మడమ ఏ రంగు మీద ఆగితే అంత బరువు,
ఆ బరువుకి తగ్గ మందు, ఆ గొంతుకి తగ్గ గొట్టం.
తూచే టైముండదు.
ఎంత బరువని అడగడానికి తల్లి ఉండదు.

మా అమ్మ కంచరపాలెంలో బట్టలు కుట్టేది.
పిల్లల గౌన్లకి ఎప్పుడూ
రెండు వేళ్ళు వదిలి కొలిచేది,
ఎదుగుతారు కదా అని.
ఇక్కడ ఆ రెండు వేళ్ళు వదలకూడదు.

ఆ తుఫాను రాత్రి నా దగ్గర ఈ టేపు లేదు.
జనరేటరు డీజిలు వాసన,
పగిలిన కిటికీకి అడ్డంగా పరుపు,
నా ఒళ్ళో ఎవరిదో పది నెలల పాప.
ఉన్నది పెద్దవాళ్ళ మాస్కు,
గడ్డం నుంచి నుదుటి దాకా మొహమంతా మింగేసింది.
క్యాంటీన్ టీకప్పు అడుగున కన్నం పొడిచి
ఆక్సిజన్ గొట్టం దూర్చి
ముక్కు దగ్గర పట్టుకున్నాను, తెల్లవార్లూ.
బతికిందా అని అడుగుతారు ఇలాంటి చోట్ల.
పొద్దున్నే ఎక్కడికో పంపించారు.
చేతికి పేరు కట్టలేదు.
తర్వాత వెళ్ళి, ఎవరి గురించని అడగను?

పదింటికి విజిల్.
పేట పిల్లలు ఇరవై ముగ్గురు
దెబ్బలు తగిలినట్టు పడుకోవాలి.
కుంకుమ నీళ్ళే నెత్తురు.
నడిచేవాళ్ళకి ఆకుపచ్చ చీటీ, ఆగగలిగితే పసుపు,
ఆగలేకపోతే ఎరుపు.
నల్ల చీటీ గురించి చెప్పేటప్పుడు
మేడం గొంతు తగ్గించింది.
పిల్లలు అప్పటికే వినేశారు.

గరికిన మంగకి ఎరుపు, తమ్ముడికి ఆకుపచ్చ.
వాడు అక్క గౌను వదలడు.
"ఆడ్ని ఒగ్గేసి నానెలాగెల్తానేటి?"
స్ట్రెచరు ఆగిపోయింది, గడియారం ఆగలేదు.
ఎల్లాజీ ఇద్దర్నీ ఒక్కసారే ఎత్తి బండిలో పడేశాడు.
తప్పు అని రాసుకున్నాడు నోట్సు రాసే కుర్రాడు.
మేడం ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.
కొట్టేసింది.
మడిచి జేబులో పెట్టుకుంది.

నల్ల చీటీ మైలపల్లి దానయ్యకి పడింది.
తొమ్మిదేళ్ళుంటాయి.
గోడ నీడన ఒక్కడే, చెప్పినట్టే,
పెదవి మీద ఈగ వాలినా కదలకుండా.
రెండుసార్లు దాటి వెళ్ళాను.
దాటి వెళ్ళడమే ఆ రోజు నా పాఠం.
ఎరుపు చీటీలు ఇంకా నాలుగున్నాయి,
ఒక గోరువెచ్చని సెలైన్ సీసా నా చంకలో ఉంది.

విజిల్ పడ్డాక వెనక్కొచ్చి కూర్చున్నాను.
ఎందుకో టేపు పరిచాను.
మడమ నారింజ రంగు మీద ఆగింది.
కళ్ళు తెరవకుండానే అడిగాడు:
"మేడమా, బిస్కట్ పేకెట్టు
సచ్చిపోయినోల్లకి కూడా ఇత్తారేటి?"

ఇస్తారన్నాను.
చీటీ వెనక పెన్నుతో వాడి పేరు రాశాను,
ఇంటిపేరుతో సహా.
ఒక కన్ను తెరిచి చదువుకున్నాడు.
"లి కింద ఒత్తు మర్సిపోనావు" అన్నాడు.

పెట్టాను.